ఎల్ఎల్‌బీ మొదటి ఏడాది: సెక్షన్ కన్నా ముందు సంగతి

డిగ్రీ తరువాత ఉద్యోగంలో కొన్నేళ్లు గడిపి, ఆపైన లాసెట్ రాసి మూడేళ్ల ఎల్ఎల్‌బీలో చేరే నా వంటి వాళ్లలో చాలామందికి న్యాయవిద్య అంటే సెక్షన్లను కంఠస్థం చేయడమేనన్న అభిప్రాయం ఉంటుంది. ప్రవేశ పరీక్ష కూడా ఆ అభిప్రాయాన్నే బలపరుస్తుంది. 90 నిమిషాల్లో 120 ప్రశ్నలకు జవాబులు గుర్తించవలసిన చోట జ్ఞాపకశక్తికి తప్ప దేనికీ వ్యవధి ఉండదు. మొదటి ఏడాది పాఠాలు మాత్రం ఇంకొక పని నేర్పుతాయి. ఒక వివాదంలో తీర్పు ఏ సంగతి మీద నిలిచి ఉందో వెతికి పట్టుకోవడమే ఆ పని. సెక్షన్ ఎలాగూ పుస్తకంలో ఉంటుంది.

కాంట్రాక్టు చట్టం తరగతిలో తొలినాళ్లలోనే వినిపించే తీర్పు మొహోరీ బీబీ వర్సెస్ ధర్మోదాస్ ఘోష్. కలకత్తాలో మైనరుగా ఉన్న ధర్మోదాస్ తన ఇళ్లను ఒక వడ్డీ వ్యాపారికి తనఖా పెట్టి అప్పు తీసుకున్నాడు; ఆ వ్యాపారి తరఫున వ్యవహారం నడిపిన ఏజెంటుకు కుర్రవాడు మైనరన్న విషయం ముందే తెలుసు. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని 11వ సెక్షన్ మైనరుకు ఒప్పందం చేసుకునే అర్హత లేదని సూచిస్తుందే గాని, చేసుకున్న ఒప్పందం గతి ఏమిటో చెప్పదు. 1903లో, భారత కేసులకు అప్పట్లో చివరి అప్పీలు న్యాయస్థానమైన లండనులోని ప్రీవీ కౌన్సిల్ ఆ ఖాళీని పూరిస్తూ, అటువంటి ఒప్పందం మొదటి నుంచీ చెల్లదని తేల్చింది. చెల్లని ఒప్పందం కింద పొందిన లాభాన్ని తిరిగి ఇవ్వాలనే 65వ సెక్షన్ సైతం వ్యాపారి పక్షాన్ని ఆదుకోలేదు, ఎందుకంటే అర్హత ఉన్నవారి మధ్య జరిగిన ఒప్పందాలకే అది వర్తిస్తుందని కౌన్సిల్ అభిప్రాయపడింది. మరి అప్పిచ్చిన డబ్బు మాటేమిటని తరగతిలో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు, అడగాలి కూడా. మైనరని తెలిసే అప్పిచ్చినవాడి పట్ల ఆ కేసులో న్యాయస్థానాలు జాలి చూపలేదు. కానీ 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టంలోని 33వ సెక్షన్ ప్రకారం, తనకు అర్హత లేదు కాబట్టి ఒప్పందం చెల్లదని వాదించే ప్రతివాది, ఆ ఒప్పందం వల్ల తాను పొందిన మేలు మేరకు తిరిగి ఇవ్వాలని కోర్టు ఆదేశించవచ్చు. తీర్పును, ఆ తరువాత వచ్చిన చట్టాన్ని పక్కపక్కన పెట్టి చదివినప్పుడే ఈ పాఠం పూర్తవుతుంది. గైడు పుస్తకాల్లో మొదటి సగమే ఎక్కువగా కనిపిస్తుంది.

1913 నాటి లాల్మన్ శుక్లా కేసులోనూ అంతా ఒక్క సంగతి మీదే తిరుగుతుంది. తప్పిపోయిన పిల్లవాడిని వెతకడానికి కాన్పూరు నుంచి వెళ్లిన మునీము (గుమాస్తా) లాల్మన్ ఆ పిల్లవాడిని కనిపెట్టాడు, కానీ యజమాని 501 రూపాయల బహుమానం ప్రకటించిన సంగతి అప్పటికి అతనికి తెలియదు. తెలియని ప్రతిపాదనకు స్వీకృతి ఉండదు గనుక అలహాబాదు హైకోర్టు అతని దావాను నిరాకరించింది. మనసుకు ఎంత కష్టంగా తోచినా, తర్కంలో లోపం చూపడం సులభం కాదు.

కుటుంబ చట్టానికి వచ్చేసరికి చదువు ఇంటిదాకా వస్తుంది. ఎల్ఎల్‌బీలో చేరామని తెలిసిన బంధువులు మొదట అడిగేది ఆడపిల్లల వాటా గురించే, అదీ మన మొదటి సెమిస్టరైనా పూర్తి కాకముందే. ఈ విషయంలో దేశానికి దారి చూపిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ముందున్నది. ఎన్టీ రామారావు ప్రభుత్వ కాలంలో, 1956 నాటి హిందూ వారసత్వ చట్టానికి రాష్ట్రం 29ఎ సెక్షన్ చేర్చి, ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కుమార్తెకు పుట్టుకతోనే హక్కు కల్పించింది. అది 1985 సెప్టెంబరు 5 నుంచి అమలులోకి వచ్చింది. అయితే ఆ తేదీకి ముందే పెళ్లయిన కుమార్తెలకు, అప్పటికే జరిగిపోయిన పంపకాలకు అది వర్తించలేదు. 2005 సెప్టెంబరు 9 నుంచి అమలైన కేంద్ర సవరణ పెళ్లి అనే ఆ అడ్డును తొలగించింది. ఆ రోజుకు తండ్రి బతికి ఉండాలా అన్న సందేహాన్ని 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు, అవసరం లేదని చెప్పి తీర్చింది. కాబట్టి “మా పెద్దమ్మకు వాటా వస్తుందా, బాబూ?” అని అడిగినవారికి వెంటనే అవుననో కాదనో చెప్పడం కన్నా, ఆస్తి పిత్రార్జితమా స్వార్జితమా, పంపకం ఎప్పుడు జరిగింది, రిజిస్టరైందా అని ఎదురు ప్రశ్నలు వేయడమే సరైన జవాబు. 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరైన పంపకాన్ని కేంద్ర సవరణ కదిలించదు. ఇన్ని ప్రశ్నలు విన్నాక, ఈ చదువు వల్ల సూటిగా మాట్లాడటం మరిచిపోయామని బంధువులు అనుకుంటే అనుకోనివ్వాలి.

అపకృత్యాల చట్టం, అంటే టార్ట్స్, ఇంగ్లండు తీర్పుల మీద నడిచే పాఠం కావడం వల్ల మొదట్లో దూరంగా అనిపిస్తుంది. 1868 నాటి రైలాండ్స్ వర్సెస్ ఫ్లెచర్ తీర్పు, తన భూమిలోకి ప్రమాదకరమైన వస్తువును తెచ్చి నిల్వ చేసినవాడు అది తప్పించుకుపోయి కలిగించే నష్టానికి నిర్లక్ష్యంతో నిమిత్తం లేకుండా బాధ్యుడని చెప్పినా, దైవిక ఘటన, మూడో వ్యక్తి చర్య వంటి మినహాయింపులు దానికి ఉన్నాయి. 1985లో ఢిల్లీలో ఓలియం వాయువు లీకైన తరువాత ఎంసీ మెహతా కేసులో సుప్రీంకోర్టు, ప్రమాదకర పరిశ్రమలకు ఆ మినహాయింపులేవీ వర్తించవని సంపూర్ణ బాధ్యతా సూత్రాన్ని ఏర్పరచింది. 2020 మే 7న విశాఖపట్నం శివారు ఆర్‌ఆర్ వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ విషవాయువు వెలువడిన మర్నాడు, పర్యావరణ వివాదాలు విచారించే జాతీయ హరిత ట్రిబ్యునల్ ప్రాథమికంగా 50 కోట్ల రూపాయలు జమ చేయాలని ఆదేశిస్తూ రైలాండ్స్ తీర్పు నాటి పాత కఠిన బాధ్యతా సూత్రాన్నే ప్రస్తావించడం చర్చకు దారి తీసింది. ఈ రెండు సూత్రాల తేడా రాయమని పరీక్షలో అడిగితే, పట్టిక గీసి వదిలేయడం కన్నా ఆ ఉత్తర్వును చర్చించడం నా దృష్టిలో మెరుగైన జవాబు.

రాజ్యాంగ పాఠంలో మాత్రం ఈ పద్ధతి కొంత తడబడుతుంది. 1967లో ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు నాయకత్వంలో వచ్చిన గోలక్‌నాథ్ తీర్పు, 1973లో 13 మంది న్యాయమూర్తులు 7-6గా చీలిన కేశవానంద భారతి తీర్పు అందరికీ నోటికి వస్తాయి. కానీ ఆ కేసు వేసిన ఎడనీరు మఠాధిపతి కేశవానంద భారతి ఏ భూముల కోసం, కేరళ చేసిన ఏ చట్టంపై కోర్టుకెక్కారో అడిగితే ఎవరూ చెప్పలేరు. రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని పార్లమెంటు సవరణతో కూడా మార్చలేదని ఆ తీర్పు చెప్పిన మౌలిక స్వరూప సిద్ధాంతం అంత పెద్దదై, తనను పుట్టించిన వివాదాన్ని కప్పేసింది.

ఇప్పుడు నేను ప్రతి తీర్పు చదివాక అందులోని ఒక్క సంగతిని మార్చి, ఫలితం ఏమవుతుందో ఒక పేజీలో రాసుకుంటున్నాను. ధర్మోదాస్ తాను మేజరునని అబద్ధమాడి, ఏజెంటు దాన్ని నమ్మి ఉంటే? మునీముకు బహుమానం సంగతి దారిలో తెలిసి ఉంటే? పరీక్ష పత్రం చివరి భాగంలో వచ్చే సమస్యలు దాదాపు ఇలాగే ఉంటాయి, అయినా విద్యార్థులు ఎక్కువ కాలం వెచ్చించేది వ్యాస ప్రశ్నల మీదే.