ఇల్లు కొనేముందు డ్రైనేజీ లైన్ కూడా చూపించుకోండి
ఇల్లు కొనేటప్పుడు గోడలు చూశాం, ట్యాపులు తిప్పి చూశాం, నేల కింద పైపు సంగతి మాత్రం ఒక్కరికీ తట్టలేదు. చేరిన మూడో వారమే ఫ్లష్ కొడితే బాత్రూం జాలీలోంచి గుడగుడమని మురుగు పైకొచ్చేసింది, అమ్మ ఆ నీళ్లలో నిలబడి మగ్గుతో తోడుతుంటే నాకు ఏడుపొచ్చింది. ప్లంబర్ లోపలికి కెమెరా పంపి చూపించాడు, పాత మట్టి పైపు, జాయింట్ దగ్గర చెట్టు వేర్లు జడలాగా అల్లుకుపోయున్నాయి, ఇంకాస్త ముందు పైపు కుంగి నీళ్లు అక్కడే నిలిచిపోయాయి. వేర్లు కోసి తీయొచ్చు గానీ కుంగిన చోట తవ్వాల్సిందే అన్నాడు. అడ్వాన్స్ ఇవ్వకముందే తెలిసుంటే ఓనర్‌తోనే రిపేర్ చేయించేవాళ్లం కదా. పాత ఇల్లు, పక్కన పెద్ద చెట్లు ఉంటే దయచేసి కెమెరా పెట్టించి చూడండి, మామూలుగా ఇల్లు చెక్ చేసేవాళ్లు పైపు లోపల చూడరు, విడిగా అడగాలి.