వడియాలు, మోటారు, శివుడాజ్ఞ

పదకొండు దాటింది. నిద్ర రావట్లేదు, బాబాయిగారి మాటే చెవిలో తిరుగుతోంది. పైవాటా బాబాయిగారు పొద్దున మోటారు వేసి మర్చిపోయారు. ట్యాంకు పొంగి డాబా అంతా నీళ్ళు. గుమ్మడి వడియాలు పంచెకి అతుక్కుని పిండిముద్దయ్యాయి. రెండు కేజీల మినప్పప్పు. రుబ్బింది నేనే కాబట్టి లెక్క గుర్తుంది.

"ఏంటండీ ఇది" అంటే, "శివుడాజ్ఞ లేనిదే చీమైనా కుట్టదు కదమ్మాయ్" అని నవ్వారు. అయ్యో అన్న ముక్క లేదు. పక్కన అత్తయ్య తలూపింది, అదింకా మంట.

శివుడికి మా వడియాలతో ఏం పని? ఆ లెక్కన నేను గిన్నె విసిరినా ఆజ్ఞే. (విసరలేదు.) తప్పు మనిషిది కాదంటే ఒప్పూ మనిషిది కాదుగా అని అంట్లు తోముతూ నాలో నేనే వాదించుకున్నాను.

అక్కడే చిక్కొచ్చిపడింది. 2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు వాగుకి గండ్లు పడి విజయవాడలో మా సింగ్‌నగర్ మునిగిన రోజు. ఫ్రిజ్ తేలుతూ తలుపుకి కొట్టుకుంటుంటే అత్తయ్యని కుర్చీతో సహా మేడెక్కించాం. బాబాయిగారి రెండు గదుల్లో పదకొండుమందిమి, నాలుగు రాత్రులు. కరెంటు లేదు. ట్యాంకులో మిగిలిన నీళ్ళు ఆయనే కొలిచి పోసేవారు, మనిషికి రోజుకి రెండు చెంబులు. గోడ తగాదాతో మాటల్లేని ఎదురింటివాళ్ళనీ పైకి పిలిచారు. దిగేటప్పుడు కాళ్ళకి మొక్కబోతే, "నాదేముందమ్మాయ్, అమ్మవారు చేయించింది" అన్నారు. దుర్గమ్మ కొండ వైపు తిరిగి దణ్ణం పెట్టాను. మరి నీళ్ళెవరు పంపారని అడగలేదు. అప్పుడు ఒప్పుకుని, వడియాల దగ్గర ఒప్పుకోనంటే ఎలా?

గీత తీశాను. పద్ధెనిమిదో అధ్యాయం 61లో, ఈశ్వరుడు అందరి గుండెల్లో ఉండి యంత్రం ఎక్కించినట్టు తిప్పుతాడట. 63కి వచ్చేసరికి, బాగా ఆలోచించుకుని నీ ఇష్టం వచ్చినట్టు చెయ్యి అంటాడు కృష్ణుడు. మధ్యలో ఒక్కటే శ్లోకం! యంత్రం అనగానే మళ్ళీ మోటారు గుర్తొచ్చింది.

ఇంతలో ఇంకోటి. ఆ రోజు ఎదురింటివాళ్ళని పిలిచే ముందు బాబాయిగారు గ్రిల్ పట్టుకుని చాలాసేపు నిలబడ్డారు. ఓసారి లోపలికి వచ్చేసి, మళ్ళీ వెళ్ళారు. నేను చూశాను. అమ్మవారు చేయిస్తే అంతసేపెందుకు పట్టింది?

ఆ పిలుపు ఆయనదే. అయితే మోటారూ ఆయనదే. పొద్దున్నే పైకెళ్ళి సారీ చెప్పించుకుంటాను.