1969లో మనం

మొన్న శనివారం ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న మావాడు ఉన్నట్టుండి అరిచాడు: "నాన్నా, 1969లో మనం ఒహాయో స్టేట్‌ని ఓడించాం!"

"మనం కాదురా, వాళ్ళు. అప్పటికి మనవాళ్ళెవరూ తెనాలి దాటలేదు" అన్నాను.

వాడు చూస్తున్నవి మిషిగన్ యూనివర్సిటీ పాత అమెరికన్ ఫుట్‌బాల్ రీళ్ళు. కోచ్‌లు తప్పొప్పులు చూసుకోవడానికి స్టేడియం పైనుంచి తీయించుకున్నవి. మాట ఉండదు, కామెంటరీ ఉండదు, ఇరవై రెండు మంది చీమల్లా కదులుతుంటారు. ఆన్ ఆర్బర్‌లోని బెంట్లీ లైబ్రరీ ఇలాంటివన్నీ దాచి ఉంచింది. వాడికి ఆ ఆట కంఠతా వచ్చు: మిషిగన్‌కి బో షెంబెక్లర్ కోచ్‌గా వచ్చిన మొదటి ఏడాది, వరసగా 22 ఆటలు గెలిచి వచ్చిన ఒహాయో, 24-12, స్కోరంతా మొదటి సగంలోనే. వేమన పద్యం మాత్రం రెండో పాదం దాటదు.

అవతలివాళ్ళని కలుపుకుంటే 'మనం', వదిలేస్తే 'మేము' అని ఆదివారం తెలుగు క్లాసులో చెప్పింది నేనే. ఆ లెక్కన వాడు నన్ను కూడా కలుపుకున్నాడు. నేనేమో 'వాళ్ళు' అని దిద్దాను. పైగా ఆ మాట అన్నప్పుడు నా ఒంటి మీదున్నది పసుపు ఎమ్ ఉన్న నీలం స్వెట్‌షర్టు.

వాడు ఊరుకోలేదు. "1983లో కప్పు మనం గెలిచాం అంటావుగా? అప్పుడు నువ్వెక్కడున్నావు?"

నేను పుట్టింది 1985లో.

భోజనాల దగ్గర తెలుగే మాట్లాడండి, పిల్లలకి అదే వస్తుంది అని స్నేహితులకి సలహాలిచ్చేవాణ్ణి. ఫుట్‌బాల్ సీజన్లో మా ఇంట్లోనే అది నడవదు. 'థర్డ్ అండ్ లాంగ్'ని తెలుగులో ఏమంటారో ఎవరైనా చెబితే మళ్ళీ మొదలుపెడతాను. అయినా వాడికి నేను నేర్పాలనుకుంటున్నది భాషా, లేక నా 'మనం' మాత్రమేనా? ఈమధ్య నాకే తెలియడం లేదు.

పరువు కాపాడుకుందామని జింబాబ్వే మీద కపిల్ దేవ్ కొట్టిన 175 గురించి చెప్పాను. 17 పరుగులకే అయిదు వికెట్లు పోయిన ఆట. చూపించమన్నాడు. దానికి వీడియో లేదన్నాను.

"మరి నీకెలా తెలుసు?"

"తాతయ్య చెప్పాడు."

"తాతయ్య చూశాడా?"

"పేపర్లో చదివాడు."

వాడు నావంక కాస్త జాలిగా చూసి, మిషిగన్ ఆటగాడు బ్యారీ పియర్సన్ పంట్ (అవతలివాళ్ళు దూరంగా తన్నిన బంతి) అందుకుని 60 గజాలు పరిగెత్తిన చోటికి రీలు వెనక్కి జరిపాడు. "ఇది ఉంది, చూడు" అన్నాడు, కుర్చీలో పక్కకి జరుగుతూ.