ఇంజన్ మనదే, గిది మనది కాదు

రామప్పకు పోవడం నాకు కొత్త కాదు. మా బావ ఎంజీబీలో, అంటే పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారులో, పోవడమే కొత్త. 1966 మోడల్, రెండే సీట్లు, పైన గుడ్డ టాపు. వాళ్ల పెదనాన్న లండన్‌లో చదువు ముగించి వస్తూ ఓడలో తెచ్చుకున్న బండి. ఏళ్ల తరబడి షెడ్డులో మూలకు పడి ఉంటే బావ బయటికి లాగి, ఇంజన్ విప్పించి, మళ్లీ రోడ్డెక్కించాడు.

తెల్లవారకముందే ఉప్పల్ దాటేశాం. భువనగిరి గుట్ట కనబడేసరికి ఎండ ఎక్కింది. ఆలేరు దాటి పెంబర్తిలో చాయ్‌కి ఆగాం. ఇత్తడి పనికి పేరుబడ్డ ఊరు. కొంచెంసేపు దుకాణాలు చూద్దామని నాకుంది కానీ బావ చెవి ఇంజన్ మీదే ఉంది. యాక్సిలేటర్ తొక్కకుండా స్లో మీద ఉంచితే ఇంజన్ కుదురుగా లేదు, ఒకసారి లేస్తోంది, ఒకసారి పడిపోతోంది. పైగా సన్నగా బుస. జనగామ దాటి యాక్సిలేటర్ తొక్కితే వెనక నీలం పొగ కమ్మింది. నీలం పొగంటే ఆయిల్ కాలుతున్నట్టే. బావ ముఖంలో నెత్తురు చుక్క లేదు. పిస్టన్ రింగులు పోయాయంటే మళ్లీ ఇంజన్ దించాలి.

స్టేషన్ ఘన్‌పూర్, కాజీపేట మీదుగా మెల్లగా నడిపించుకుంటూ వరంగల్ ఆటోనగర్ చేరాం. అక్కడో పెద్దాయన అంబాసిడర్ల మీదే జీవితం గడిపాడని చెప్తే ఆయన షెడ్డు వెతుక్కుంటూ వెళ్లాం. బానెట్ ఎత్తగానే ఉస్తాద్ నవ్వాడు. "ఇంజన్ మనదే గద సారూ!" అన్నాడు. నిజమే. అంబాసిడర్‌లో ఏళ్ల తరబడి తిరిగిన 1489 సీసీ పెట్రోల్ ఇంజనూ, ఎంజీబీలోని 1798 సీసీ ఇంజనూ బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ (బీఎంసీ) వాళ్ల బీ సిరీస్ సంతానమే. ఎటొచ్చీ దీనికి ఎస్‌యూ కంపెనీ కార్బ్యురేటర్లు రెండు. ఆ రెండింటి మధ్య, ఇంజన్‌లోకి గాలి, పెట్రోలు వెళ్లే గొట్టం (ఇన్‌లెట్ మానిఫోల్డ్) నెత్తిన, జర్దా డబ్బాలాంటి గుండ్రటి వస్తువొకటి. మూత మీద వైరు క్లిప్పు, పక్కన ఒక రబ్బరు గొట్టం. ఉస్తాద్ వేలు అక్కడ ఆగింది. "గిది మాత్రం మనది కాదు."

బావకూ తెలియదు. ఇంజన్ కట్టినవాళ్లు ఉన్నదాన్ని ఉన్నట్టు బిగించేశారు.

ఉస్తాద్ పానా ముట్టలేదు. గొట్టాన్ని వేళ్లతో తడుముతూ కిందికి పోయాడు. అది మానిఫోల్డ్ కింద, ఇంజన్ పక్కనున్న మూత (ట్యాపెట్ కవర్) దగ్గర తేలింది. ఇంజన్ స్టార్ట్ చేయించి, ఆయిల్ పోసే మూత తీసి, అక్కడ అరచెయ్యి పెట్టాడు. లోపలికి గట్టిగా లాగింది. తర్వాత డబ్బా మూతను అరచేత్తో కప్పి నొక్కాడు. బుస ఆగింది, ఇంజన్ కుదుటపడింది. చెయ్యి తీస్తే మళ్లీ అదే పాట. "అంబాసిడర్ పొగను కింద రోడ్డు మీదికి ఇడుస్తది. ఇది మల్ల ఇంజన్‌కే తాపిస్తది" అన్నాడు. నాకు ప్రయాణం మొత్తంలో బాగా నచ్చిన ఘట్టం ఇదే. రామప్ప తర్వాతే అనుకోండి.

క్లిప్పు తీసి మూత ఎత్తితే డయాఫ్రమ్ అనే రబ్బరు పొర, దాని కింద సన్నటి సూది, స్ప్రింగు. డయాఫ్రమ్ అంచున చీలిక. ఫొటో పంపితే హైదరాబాద్‌లో బ్రిటిష్ బండ్లు తెలిసిన మిత్రుడొకరు పేరు చెప్పారు: స్మిత్స్ పీసీవీ (పాజిటివ్ క్రాంక్‌కేస్ వెంటిలేషన్) వాల్వ్. 1964 నుంచి కొన్నేళ్లపాటు ఎంజీబీలకు ఇదే వచ్చిందట. రింగుల సందుల్లోంచి ఇంజన్ అడుగు భాగమైన క్రాంక్‌కేసులోకి దిగే గ్యాసును మళ్లీ మానిఫోల్డ్‌లోకి పంపడం దీని పని. స్లో మీద మానిఫోల్డ్ లాగుడు ఎక్కువ కాబట్టి డయాఫ్రమ్ దిగి దారి సన్నం చేస్తుంది. యాక్సిలేటర్ తొక్కి థ్రాటిల్ తెరిస్తే లాగుడు తగ్గి దారి పెద్దదవుతుంది. చీలిందంటే పైనుంచి గాలి, కిందనుంచి ఆయిల్ రెండూ లోపలికి పోతాయి. రింగులు క్షేమం. బావ అప్పుడు గానీ మంచినీళ్లు తాగలేదు.

డయాఫ్రమ్ ఇక్కడెక్కడ దొరుకుతుంది? ఉస్తాద్ పాత లారీ ట్యూబులోంచి గుండ్రటి బిళ్ల కోసి మూత కింద బిగించాడు. గొట్టం పీకి, డబ్బా నోటికి బోల్టు దిగ్గొట్టి క్లిప్పు వేశాడు. గొట్టానికి ఇంకో ముక్క అతికించి అంబాసిడర్ లెక్కన రోడ్డు వైపు వదిలాడు. పోతూ పోతూ బ్యాటరీ చూస్తానంటే బావ ఉరికాడు. అందులో సీట్ల వెనక రెండు 6 వోల్టుల బ్యాటరీలు, పైగా పాజిటివ్ ఎర్త్, అంటే ప్లస్ వైరు బాడీకి కలిపి ఉంటుంది. అలవాటు కొద్దీ వైర్లు తిప్పి పెడితే గోవిందా.

ములుగు రోడ్డు హాయిగా సాగింది. పాలంపేట చేరేసరికి పొద్దు వాలింది. 1213 నాటి గుడి, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక జనం బాగా పెరిగారు. మదనికల ముందు ఎంత గుంపుందో పార్కింగ్‌లో మా బండి చుట్టూ అంత గుంపు. తిరుగు ప్రయాణంలో ఆగిన ప్రతిచోటా ఆయిల్ ఆవిరి వాసన ముక్కుకు కొట్టింది. ఆ ఏర్పాటుకు అది తప్పదు.

కొత్త డయాఫ్రమ్ ఇంగ్లండ్ నుంచి వచ్చింది. వాల్వ్ బాగుంటే, వేడెక్కిన ఇంజన్ స్లో మీద ఉన్నప్పుడు ఆయిల్ మూత తీస్తే వేగం దాదాపు 200 ఆర్‌పీఎం పెరగాలి. పెరుగుతోంది. ఇప్పుడు బావ ఇంటికెవరు వెళ్లినా చాయ్ కన్నా ముందు బానెట్ ఎత్తి ఆ మూత తీసి చూపిస్తున్నాడు.