ల్యాప్‌టాప్ అక్కర్లేని బండి

2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చిపోయాక విశాఖలో మా బండికి గీత కూడా పడలేదు గానీ ట్యాంకులో పెట్రోలు లేదు. బంకు కింద ట్యాంకుల్లో ఉంది, కరెంటు లేక పంపు తిరగదు. జనరేటర్ ఉన్న బంకు దగ్గర సీసా పట్టుకుని మూడు గంటలు నిలబడ్డాను. అందుకే తర్వాత పాడేరు పైన కాఫీ తోటకి మకాం మార్చినప్పుడు, ఏ బండి కొనాలా అని ఇంట్లో అందరి ప్రాణం తీశాను. మా ఊరికి బంకు 22 కిలోమీటర్లు, మెకానిక్ ఇంకా దూరం, వానలకి ఘాట్ మీద చరియ జారిందంటే దారీ ఉండదు, ఫోనూ పలకదు.

మా బావమరిది తన బీఎస్6 (కొత్త పొగ నిబంధనల) డీజిల్ బండి ఇచ్చి వారం నడిపి చూడమన్నాడు. సుఖానికేం, బ్రహ్మాండం. కాకపోతే ఆ బండ్లలో పొగ గొట్టం దారిలో మసి పట్టే ఫిల్టర్ ఒకటి ఉంటుంది, ఆ మసి కాలిపోవాలంటే కాసేపు ఆగకుండా వేగంగా పోవాలి, మా దారిలో సెకండ్ గేరు దాటడమే గొప్ప. ఐదో రోజు లైటు వెలిగింది, ఆరో రోజు బండి తనంతట తానే పవర్ తగ్గించేసుకుంది. కిందికి తీసుకెళ్తే కుర్రాడు ల్యాప్‌టాప్ తగిలించి చూసి, హైవే మీద తిప్పండి సార్ అన్నాడు. ఎక్కడుంది బాబూ హైవే?

ఎలక్ట్రిక్ గురించీ ఆలోచించాను, కానీ శ్రావణంలో మా సోలార్ ఇంట్లో లైట్లకే చాలదు. పెట్రోలు నిల్వ పెట్టుకుందామంటే ఇప్పుడు అందులో 20 శాతం ఇథనాల్, తేమ లాగేస్తుంది. డీజిల్ అయితే క్యాను మూత గట్టిగా బిగిస్తే కొన్ని నెలలు ఆగుతుంది.

చివరికి నర్సీపట్నంలో పాత మహీంద్రా కమాండర్ జీపు దొరికింది. 15 ఏళ్లు దాటింది కాబట్టి రిజిస్ట్రేషన్ మళ్లీ చేయించాలి, హ్యాండ్‌బ్రేక్ పట్టడం లేదని ఎఫ్‌సీలో, అంటే ఫిట్‌నెస్ పరీక్షలో, మొదటిసారి పోయింది, బాగుచేయించి వెళ్తే ఐదేళ్లకి ఇచ్చారు. బేరం ఒక్కరోజులో తెగింది, కాగితాలకి మాత్రం రెండు నెలలు పట్టింది.

అక్కడి ముసలి మేస్త్రి డబ్బులు తీసుకునే ముందు పానా నా చేతికిచ్చి, "ఎయిర్ మీరే తియ్యండి సార్, నేను కొండెక్కి రాలేను" అన్నాడు. డీజిల్ దారిలో గాలి చేరితే ఇంజిన్ అందుకోదు, ఆ గాలే ఎయిర్. ఫిల్టర్ మీద స్క్రూ వదులు చేసి బొటనవేలితో చిన్న పంపు కొడుతుంటే ముందు నురగ, తర్వాత బుడగలు, ఆ తర్వాత పల్చటి ధారగా డీజిల్ వస్తుంది, అప్పుడు బిగించాలి. నాలుగుసార్లు చేయించాడు. బ్యాటరీ పడుకుంటే వాలులో వదిలి సెకండ్‌లో క్లచ్ వదలమన్నాడు, ఒకసారి అందుకుందంటే ఇక కరెంటుతో పనిలేదట, ఆపాలన్నా లాగే తీగే.

లీటరుకి పదకొండు ఇస్తుంది, చప్పుడుకి పక్క మనిషి మాట వినపడదు. సీటు కింద ఫ్యాన్‌బెల్టు, రెండు ఫిల్టర్లు, పానాల సంచి ఉంటాయి. నడుము పోతోందని మా ఆవిడ మాత్రం ఇప్పటికీ సంతకి ఆటోలోనే వెళ్తుంది.