పసుపు అట్ట నోటుబుక్కు

మన స్కూల్ గోల్ఫ్ జట్టులో చేరినవాళ్లకి మొదట చేతికొచ్చేది క్లబ్ కాదు, పసుపు అట్ట నోటుబుక్కు. పేజీకి నాలుగు గడులు: క్లబ్ పేరు, బంతి గాల్లో వెళ్లిన దూరం, ఎడమకి ఎంత పోయింది, కుడికి ఎంత పోయింది. ఒక్కో క్లబ్‌తో 20 బంతులు కొట్టి నింపాలి. బాగా తగిలిన ఒక్కదాన్ని పట్టుకుని సెవెన్ ఐరన్ (మధ్య దూరాలకి వాడే క్లబ్) పక్కన 150 గజాలని రాసేస్తే సార్ పెన్సిల్‌తో కొట్టేసేవారు. ఎక్కువ బంతులు 140 దగ్గర పడుతుంటే 140 అనే రాయాలి. ఆ పది గజాల గొప్పకి పోతే బంతి గ్రీన్ (హోల్ ఉండే నున్నటి గడ్డి) ముందున్న ఇసుక గుంతలోకి, అంటే బంకర్‌లోకి దిగుతుంది. దొర్లే దూరం లెక్కలోకి రాదు, ఎందుకంటే నీళ్లనీ ఇసుకనీ దాటించేది గాల్లో వెళ్లే దూరమే.

ఎడమ, కుడి గడుల విలువ టీ మీద, అంటే ప్రతి హోల్‌కీ మొదటి షాట్ కొట్టే చోట (టీయింగ్ ఏరియా) తెలుస్తుంది. కుడి పక్కన ఔట్ ఆఫ్ బౌండ్స్ (ఆట హద్దు) చూపే తెల్ల గుంజలుంటే కొత్తవాళ్లు భయపడి టీయింగ్ ఏరియా ఎడమ చివరికి జరుగుతారు. అక్కణ్ణించి ఫెయిర్‌వే (గ్రీన్ వైపు పొట్టిగా కోసిన గడ్డి దారి) మధ్యకి కొట్టాలంటే మళ్లీ గుంజల వైపే తిరగాలి. కుడి చివర టీ (బంతి నిలిపే పుల్ల) గుచ్చితే గురి దానంతటదే ఎడమకి వస్తుంది. బంతి మాత్రం ఏరియాలో ఉండాలి, కాళ్లు బయటున్నా తప్పులేదు.

ఒకవైపు తెల్ల గుంజలు, రెండోవైపు ఎర్ర గుంజల నీళ్లు ఉంటే నీళ్ల వైపే కాస్త మొగ్గాలి. బంతి ఔట్ అయితే ఒక పెనాల్టీ స్ట్రోక్ (దెబ్బల లెక్కలో ఒకటి అదనం), పైగా కొట్టిన చోటికే వెనక్కి రావాలి, అంటే టీ మీద నిలబడి మూడోది కొట్టడం. ఎర్ర గుంజల దగ్గర కూడా పెనాల్టీ ఒకటే, కానీ వెళ్లిన దూరం దక్కుతుంది. బంతి ఆ హద్దు దాటిన చోటు నుంచి రెండు క్లబ్ పొడవుల్లోపు, హోల్‌కి దగ్గరవకుండా డ్రాప్ చేసుకోవచ్చు (చేతిలోంచి బంతిని వదిలి ఆడొచ్చు).

గ్రీన్ మీదకి కొట్టేటప్పుడు చూపు జెండా మీద నిలవకూడదు. జెండా కుడి అంచుకి ఐదు గజాల్లో ఉందనుకోండి. షాట్ కుడికి తప్పితే తర్వాతి చిప్ (గ్రీన్ పక్కనుంచి కొట్టే చిన్న షాట్) పడి ఆగడానికి ఆ ఐదు గజాలే చోటు. ఎడమకి తప్పితే గ్రీన్ అంతా ముందుంటుంది. అందుకే గురి మధ్యకి. ఎదురుగాలి తీసేసేంత దూరాన్ని వెనకగాలి తిరిగి ఇవ్వదు, ఎదురుగాలిలో ఒక క్లబ్ పెద్దది (ఇంకాస్త దూరం కొట్టేది) తీసి నెమ్మదిగా ఊపాలి.

చెట్ల మధ్య సందు కనిపిస్తే సార్ ఒకటే అడిగేవారు: "పదిసార్లు కొడితే ఎనిమిదిసార్లు దాటుతుందా?" లేదంటే బంతిని పక్కకి, ఫెయిర్‌వే మీదకి తీయాలి. బంతి వెనక పాదం వైపు, చేతులు కాస్త ముందుకి, సగం స్వింగ్. ఇక్కడ అందరూ మరిచేది అవతలి అంచు దూరం. పక్కకి తీసిన బంతి ఫెయిర్‌వే దాటి ఎదుటి రఫ్‌లో (పెరిగిన గడ్డిలో) పడితే స్ట్రోక్ పోయింది, చిక్కు తీరలేదు.

1999లో స్కాట్లండ్‌లోని కార్నూస్టీలో జరిగిన ఓపెన్ టోర్నమెంట్ చివరి హోల్‌లో ఫ్రెంచ్ ఆటగాడు జాన్ వాన్ డి వెల్డ్‌కి గెలవడానికి 6 దెబ్బలు చాలు. డ్రైవర్ (అన్నిటికన్నా దూరం కొట్టే క్లబ్) తీశాడని అందరూ తిడతారు గానీ, ఆ బంతి కుడికి పోయినా పొడి నేల మీదే పడింది. నా లెక్కలో అసలు తప్పు టూ ఐరన్‌తో కొట్టిన రెండోది. అది ప్రేక్షకుల గ్యాలరీకి తగిలి వెనక్కొచ్చి దట్టమైన రఫ్‌లో పడింది, మూడోది వాగులోకి. చివరికి 7, ఆపై ప్లేఆఫ్‌లో ఓటమి. 2007 మాస్టర్స్ టోర్నమెంట్‌లో జాక్ జాన్సన్ పార్ 5లు (ఐదు దెబ్బల్లో ముగించాల్సిన పొడుగాటి హోల్స్) వేటిలోనూ రెండో షాట్‌తో గ్రీన్‌కి పోలేదు. అయినా నాలుగు రౌండ్లలో కలిపి ఆ 16 హోల్స్‌లో 11 అండర్ (పార్ కన్నా 11 దెబ్బలు తక్కువ), టైటిల్ కూడా.

నోటుబుక్కు చివరి పేజీలు పోయిన స్ట్రోకులకి. స్వింగ్ చెడితే 'చే' (చెయ్యి), ఎంపిక చెడితే 'బు' (బుద్ధి). 'చే'ల గురించి సార్ ఏమీ అనేవారు కాదు. 'బు' పక్కన మాత్రం ఇంకే క్లబ్ తీసుండాలో రాయించేవారు. పాత పుస్తకాలు తిరగేస్తే ఏడాది తిరిగేసరికి 'బు'లు పలచబడటం కనిపిస్తుంది. 'చే'లు మాత్రం ఉన్నన్నీ ఉన్నాయి.