నా పాఠం నాకే అప్పజెప్పిన రోజు

పోలీసు శిక్షణలో పదకొండేళ్ళుగా ఇన్‌డోర్ క్లాసులు చెబుతున్న నాకు అన్నిటికంటే ఇష్టమైన పాఠం, మానసిక వ్యాధి ఉధృతిలో ఉన్న మనిషిని చేయి వేయకుండా మాటతోనే ఎలా నెమ్మదింపజేయాలి అన్నది. అమెరికాలోని మెంఫిస్ నగరంలో 1987లో చేతిలో కత్తి ఉన్న ఒక మానసిక రోగిని పోలీసులు కాల్చి చంపడం, మరుసటి ఏడాది అక్కడి పోలీసు శాఖ 40 గంటల ప్రత్యేక శిక్షణను మొదలుపెట్టడం చెప్పి, 2012లో అమెరికా అత్యవసర మనోవైద్యులు ఇందుకోసం సూచించిన పది సూత్రాలను నల్లబల్ల మీద రాసి, మన 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 100వ సెక్షనుతో ముగించేవాణ్ణి. పిల్లలు చక్కగా రాసుకునేవారు, పరీక్షలో చక్కగా రాసేవారు. ఆ పాఠాన్ని నా ఎదుట నిలబడి నాకే అప్పజెప్పే రోజు వస్తుందని మాత్రం అనుకోలేదు.

రెండేళ్ళ క్రితం తిరుమల బ్రహ్మోత్సవాల బందోబస్తుకు మమ్మల్ని కూడా వేశారు. ఆ తొమ్మిది రోజులూ నాకు దక్కిన నిద్ర రాత్రికి రెండు మూడు గంటలకు మించలేదు. గరుడసేవ నాటి రాత్రంతా మాడవీధిలో నిలబడి తెల్లవారేసరికి, కాళ్ళు పీకవలసిన మనిషికి ఒళ్ళంతా హుషారుగా ఉంది. బందోబస్తు ముగిసింది కానీ ఆ హుషారు ముగియలేదు. తిరుపతి బైరాగిపట్టెడలోని మా ఇంట్లో రాత్రి మూడు గంటలకు లేచి రాష్ట్రంలోని పోలీసులందరికీ పనికివచ్చే కొత్త పాఠ్యపుస్తకం రాయడం మొదలుపెట్టాను. గాంధీ రోడ్డులో రెండు వందల విజిళ్ళు కొన్నాను. ఒకే రోజున అలిపిరి మెట్లు 3,550 రెండుసార్లు ఎక్కాను. పై అధికారులకు వేళ కాని వేళ ఫోన్లు చేసి సలహాలిచ్చాను. నా భార్య భయపడుతుంటే, ఇంత ఆనందంగా ఉన్న మనిషిని చూసి భయమెందుకని ఆమె మీదే కోప్పడ్డాను.

పదకొండో రోజున మా బావమరిది నన్ను ఆసుపత్రికి తీసుకువెళ్ళడానికి వచ్చాడు. నేను హాల్లోని ఇనుప స్టూలు ఎత్తి పట్టుకున్నాను. కాసేపటికి ఇద్దరు కానిస్టేబుళ్ళు వచ్చారు, అందులో ఒకడు నా శిష్యుడు. వాడు గుమ్మం దగ్గర రెండు బారల దూరంలో ఆగి, పేరు చెప్పి, "సార్, మీకు సాయం చేయడానికే వచ్చాం. మీరు ఎంత బాధలో ఉన్నారో నాకు అర్థమవుతోంది" అన్నాడు. వాక్యాలు నావే, వరుస కూడా నాదే. అయితే అతని కుడి చేయి లాఠీ మీద ఉంది, భుజాన మ్యాన్‌ప్యాక్ వైర్‌లెస్ సెట్టు గరగరమంటోంది, వెనకనుంచి బావమరిది "బావా, బావా" అంటున్నాడు, ఇల్లాలు ఏడుస్తోంది. ఆ గోలలో నాకు కనబడిందల్లా లాఠీ మీది చెయ్యి ఒక్కటే. రోగిని లాకప్‌లో పెట్టకూడదని, 24 గంటల్లోగా ప్రభుత్వ వైద్య సంస్థకు చేర్చాలని చెప్పే ఆ 100వ సెక్షనును స్టూలు దించకుండానే వాళ్ళకు గడగడా చదివాను. ఒక్క అక్షరం తప్పు పోలేదని శిష్యుడు తరువాత చెప్పాడు. చివరికి నలుగురు కలిసి పట్టుకుని బండి ఎక్కించారు. ఎడమ భుజం బెణికింది.

నా భార్య సంతకంతో, అదే చట్టంలోని 89వ సెక్షను కింద నన్ను వార్డులో చేర్చుకున్నారు. ఆ రాత్రి రెండు గంటలప్పుడు వరండాలో అటూ ఇటూ తిరుగుతూ అందరినీ తిడుతున్న నా దగ్గరికి వార్డు బాయ్ ఒకతను వచ్చాడు. రెండు చేతులూ కనబడేటట్టు కిందికి వదిలి, నాకు ఎదురుగా కాకుండా కొంచెం పక్కగా నిలబడి, "అన్నా, మజ్జిగ తెచ్చేదా, నీళ్ళు తెచ్చేదా?" అన్నాడు. నేను తిట్టాను. అతను ఏమీ అనలేదు, కదలలేదు. కొంతసేపటికి అదే మాట, అదే గొంతుతో మళ్ళీ అడిగాడు. ఎన్నోసారికో "మజ్జిగ" అన్నాను. తాగిన తరువాత, "సూది వేయాలంట అన్నా, చేతికా, నడుముకా?" అని అడిగాడు. చేతికన్నాను. అది ఉద్రేకాన్ని తగ్గించే హాలోపెరిడాల్, ప్రోమెథజైన్ మందులు కలిపిన ఇంజెక్షను. మా చిత్తూరుకు పక్కనే ఉన్న వేలూరులో 200 మంది రోగుల మీద దాన్ని పరీక్షించి చూసిన ఫలితాలు 2004లో అచ్చయ్యాయని ఆ తరువాత చదివాను. మాటతో నెమ్మదింపజేయడమంటే మందు వద్దనడం కాదని నాకు అక్కడ అనుభవానికి వచ్చింది; అతని మాట వల్ల నేను చెయ్యి నా అంతట నేనే చాపాను, అంతే తేడా.

మనసు ఒకప్పుడు పొంగి, ఒకప్పుడు కుంగే బైపోలార్ వ్యాధిలోని మేనియా, అంటే ఆ పొంగు దశ, అన్నారు. వంశంలో ఆ గుణం ఉన్నవారికి నిద్ర చెడితే ఇది ఎగదోసుకు రావచ్చునని డాక్టరు వివరించారు. ఇంట్లో ఎవరూ ఎత్తని మా మేనమామ ప్రస్తావన అప్పుడు బయటికి వచ్చింది. పంతొమ్మిది రోజులకు ఇంటికి పంపారు. అసలు కష్టం ఆ తరువాత మొదలైంది. మూడు నెలలపాటు మంచం దిగబుద్ధి కాలేదు. ఎవరెవరికి ఫోన్ చేసి ఏమన్నానో ఒక్కొక్కటే గుర్తుకు వస్తుంటే దుప్పటి ముసుగు పెట్టుకునేవాణ్ణి. విజిళ్ళ మూటను నా భార్య అటక మీద దాచింది.

మనసును నిలకడగా ఉంచే లిథియం అనే మందు మొదలుపెట్టారు. రాత్రి తొమ్మిదికి మాత్ర వేసుకుంటే, సరిగ్గా పన్నెండు గంటల తరువాత, ఉదయపు మాత్ర వేసుకోకముందే రక్తం ఇవ్వాలి. ఒకసారి బెణికిన భుజం నొప్పికి మందుల షాపులో డైక్లోఫెనాక్ కొని నాలుగు రోజులు మింగాను. చేతులు వణికి, వాంతులై, పరీక్ష చేయిస్తే రక్తంలో లిథియం 1.6 ఉంది, నాకు 0.8 దాటకూడదు. ఆ నొప్పి మాత్రలు మూత్రపిండాల ద్వారా లిథియం పోకుండా ఆపేస్తాయట. తిరుపతి ఎండల్లో నీళ్ళు తక్కువ తాగినా అదే ప్రమాదం. ఇప్పుడు నా సంచిలో నీళ్ళ సీసా లేకుండా గడప దాటను. సన్నని వణుకు మాత్రం మిగిలింది, నల్లబల్ల మీద నా అక్షరాలు కొంచెం వంకర పోతాయి.

ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తీసుకుని ఎనిమిది నెలలకు డ్యూటీలో చేరాను. నాకు రాత్రి బందోబస్తు వేయకుండా అధికారులు రాసి ఇచ్చారు. కొన్ని రోజులకు ఆ శిష్యుడు వచ్చి, తలవంచుకుని, "నేను ఎక్కడ తప్పు చేశాను సార్?" అని అడిగాడు. మాటల్లో తప్పేమీ లేదని, చెయ్యి లాఠీ మీద ఉందని చెప్పాను. వాడు కాసేపు ఆలోచించి, "గుమ్మం దగ్గర నిలబడినప్పుడు చెయ్యి అక్కడే ఉండాలని మీరే చెప్పారు కదా సార్, లాఠీ డ్రిల్లులో" అన్నాడు. నిజమే, ఆ డ్రిల్లు కూడా రెండేళ్ళు నేనే చేయించాను.

ఇప్పుడు ఆ క్లాసులో పది సూత్రాలు చివర వస్తాయి. లాఠీలు వరండాలో గోడకు ఆనించి, మ్యాన్‌ప్యాకులు ఆపేసి లోపలికి రమ్మంటాను. ఒకరే మాట్లాడాలి, మిగతావాళ్ళు నోరు మెదపకూడదు. నేను స్టూలు పట్టుకుని నిలబడతాను. మొదట చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక పిల్లలు చాలా ఇబ్బంది పడతారు, కొందరు జేబుల్లో పెట్టుకుంటారు, తీయమంటాను. మొన్న ఒక అమ్మాయి ఏ మాటా తోచక నిమిషం సేపు ఊరికే నిలబడి, ఆ తరువాత చిన్నగా "సార్, స్టూలు బరువుగా లేదా?" అంది. నాకు నిజంగానే భుజం నొప్పిగా ఉంది. దించాను.